రాజీ పడని కారు ఉందా?
రెండు కార్లు చెప్పే ఒక ఇంజనీరింగ్ పాఠం

– మన హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.టెక్. (మెషిన్ డిజైన్)



వార్షికోత్సవ సభల్లో వేదిక మీది పెద్దలు మనకు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: "జీవితంలో దేనికీ రాజీ పడకండి." మంచి మాటే. కానీ ఇంజనీరింగ్‌లో చేరాక నేను నేర్చుకున్న మొదటి పెద్ద పాఠం దీనికి ఎదురుగా ఉంది. రాజీ లేకుండా ఏ యంత్రమూ తయారు కాదు అన్నదే ఆ పాఠం. ఈ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చుకోవడానికి ఈ వ్యాసంలో రెండు కార్లను పరిశీలిద్దాం. ఒకటి 1990లలో ఇంగ్లండులో తయారైన మెక్‌లారెన్ ఎఫ్1. రెండోది 2005లో ఫ్రాన్సు నుంచి వచ్చిన బుగాటి వేరాన్. రెండూ తమ తమ కాలంలో రోడ్డు కార్లన్నిటి కన్నా వేగంగా పోయినవే.

"అన్నా, మన హాస్టల్ ముందు ఉండేవి సైకిళ్లు. కోట్ల రూపాయల కార్లతో మనకేం పని?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మామూలు కారులో ఏ లోపం కనిపించినా "డబ్బు సరిపోలేదు కాబట్టి అలా చేశారు" అనుకుంటాం. ఈ రెండు కార్ల దగ్గర డబ్బు పెద్ద అడ్డంకి కాలేదు. అయినా అడుగడుగునా రాజీలు తప్పలేదు. అంటే అక్కడ అడ్డం నిలిచింది ప్రకృతి సూత్రాలు. ఆ సూత్రాలు మన తొమ్మిది, పది తరగతుల భౌతికశాస్త్రంలో ఉన్నవే. అందుకే ఈ పాఠం మనది కూడా.

1. రాజీ అంటే ఏమిటి?

మన మెస్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఒక్కో విద్యార్థికి నెలకు ఇంత అని డబ్బు వస్తుంది. ఆ డబ్బులోనే బియ్యం, పప్పు, కూరగాయలు, గుడ్లు, పాలు, వంటచెరకు లేదా గ్యాస్ అన్నీ సర్దాలి. వారానికి ఒక గుడ్డు ఎక్కువ పెడితే ఇంకెక్కడో తగ్గించాలి. కూర చిక్కగా కావాలంటే ఖర్చు పెరుగుతుంది, పలచన చేస్తే బలం తగ్గుతుంది. ఒకటి పెంచినప్పుడు ఇంకొకటి తగ్గక తప్పని ఇలాంటి స్థితిలో, ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో లెక్క వేసి తేల్చుకోవడాన్నే ఇంజనీరింగ్‌లో రాజీ అంటాం. ఇందులో ఓడిపోవడం ఏమీ లేదు. ఇదొక లెక్క.

కారు తయారు చేసేవాడికీ ఇలాంటి పట్టికే ఉంటుంది. అందులో ఉండేవి: వేగం, బరువు, చల్లబరచడం, బ్రేకులు, టైర్ల పట్టు, టైర్ల మన్నిక, లోపల కూర్చునేవాళ్ల సౌఖ్యం, భద్రత, ధర. ఒక గడిలో అంకె మారిస్తే మిగతా గడులన్నీ కదులుతాయి.

2. గాలి వేసే లెక్క

కారు మెల్లగా పోతున్నప్పుడు గాలి మనకు తెలియదు. వేగం పెరిగేకొద్దీ అదే పెద్ద గోడ అవుతుంది. గాలి నిరోధ బలం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. సామర్థ్యం అంటే బలాన్ని వేగంతో గుణించడం. కాబట్టి గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే వేగం రెట్టింపు కావాలంటే సామర్థ్యం ఎనిమిది రెట్లు కావాలి.

అంకెలతో చూద్దాం. ముందు నుంచి చూస్తే కారు వైశాల్యం సుమారు 2 చదరపు మీటర్లు, నిరోధ గుణకం 0.36, గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు అనుకోండి. వేరాన్‌కు ఇవి దగ్గరి విలువలు.

గాలి నిరోధ బలం = ½ × గాలి సాంద్రత × నిరోధ గుణకం × వైశాల్యం × వేగం × వేగం

గంటకు 400 కి.మీ. అంటే సెకనుకు 111 మీటర్లు. ఈ విలువలు వేస్తే బలం సుమారు 5,300 న్యూటన్లు వస్తుంది. దాన్ని 111తో గుణిస్తే సుమారు 5,90,000 వాట్లు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు కాబట్టి ఇది దాదాపు 800 హార్స్‌పవర్. ఇక ఘన సూత్రంతో వెనక్కి రండి:

గంటకు 100 కి.మీ. – సుమారు 12 హార్స్‌పవర్
గంటకు 200 కి.మీ. – సుమారు 100 హార్స్‌పవర్
గంటకు 400 కి.మీ. – సుమారు 800 హార్స్‌పవర్

ఇవి గాలికి మాత్రమే. టైర్ల దొర్లుడు ఘర్షణ, గేర్లలో నష్టం వీటికి అదనం. 200 దాకా వెళ్లడానికి 100 చాలు. ఆ తర్వాతి 200 కి.మీ. వేగం కోసం ఇంకో 700 కావాలి. చివరి మెట్లు ఎంత ఖరీదైనవో గమనించండి.

3. మెక్‌లారెన్ ఎఫ్1: బరువు తగ్గించడమే మార్గం

ఈ కారును రూపొందించినవాడు గోర్డన్ మర్రే. దక్షిణాఫ్రికాలో పుట్టి, ఇంగ్లండుకు వెళ్లి, రేసు కార్ల డిజైనర్‌గా పేరు తెచ్చుకున్నాడు. ఎఫ్1ని 1992లో లోకానికి చూపించారు. 1998 వరకు రేసు కార్లు, నమూనాలతో కలిపి మొత్తం 106 తయారయ్యాయి.

మర్రే మొదట తేల్చుకున్నది ఒకటే. కారు తేలికగా ఉండాలి, నడిపేవాడి చేతికి, కాలికి సూటిగా స్పందించాలి. మిగతావన్నీ దీని చుట్టూ సర్దాడు.

బరువుకు ఎందుకంత ప్రాధాన్యం? బరువు గొలుసులా పెరుగుతుంది. పెద్ద ఇంజను పెడితే దాన్ని మోయడానికి బలమైన ఛాసిస్ కావాలి. బరువైన కారును ఆపడానికి పెద్ద బ్రేకులు కావాలి. పెద్ద బ్రేకుల కోసం పెద్ద చక్రాలు, వాటి కోసం గట్టి సస్పెన్షన్. ఇవన్నీ మళ్లీ బరువే. అందుకే ఒక కిలో తగ్గిస్తే నిజానికి ఒక కిలో కన్నా ఎక్కువే తగ్గుతుంది.

ఎఫ్1లో చేసిన పనులు చూడండి.

(అ) ఛాసిస్‌ను కార్బన్ ఫైబర్‌తో చేశారు. అమ్మకానికి వచ్చిన రోడ్డు కార్లలో పూర్తి కార్బన్ ఫైబర్ ఛాసిస్ ఉన్న మొదటి కారు ఇదే. తేలిక, గట్టి. కానీ ఆ బట్టను పొరలు పొరలుగా చేత్తో పరిచి, ఒత్తిడిలో వేడి చేసి గట్టిపరచాలి. అందుకే చాలా ఖరీదు, చాలా నెమ్మది. తేలిక కోసం ధరనూ సంఖ్యనూ వదులుకున్నారు.

(ఆ) ఇంజను టర్బో లేని 6.1 లీటర్ల 12 సిలిండర్ల బి.ఎం.డబ్ల్యు. ఇంజను. టర్బో పెడితే చిన్న ఇంజను నుంచే ఎక్కువ సామర్థ్యం వస్తుంది. కానీ పొగ వచ్చి టర్బైన్‌ను తిప్పేదాకా, కాలు నొక్కిన తర్వాత కొంత ఆలస్యం ఉంటుంది. ఆ ఆలస్యం మర్రేకు పనికిరాదు. ఆయన అడిగింది 250 కిలోల బరువు, 550 హార్స్‌పవర్. బి.ఎం.డబ్ల్యు. ఇంజనీరు పాల్ రోషె బృందం ఇచ్చింది 266 కిలోలు, 627 హార్స్‌పవర్. 16 కిలోలు ఎక్కువ, కానీ సామర్థ్యం 14 శాతం ఎక్కువ. మర్రే ఒప్పుకున్నాడు. బరువు విషయంలో అంత పట్టుదల ఉన్న మనిషి కూడా లెక్క లాభంగా ఉన్నప్పుడు సడలించాడన్నమాట.

(ఇ) ఇంజను గది వేడికి కార్బన్ ఫైబర్ పాడవకుండా లోపల బంగారు రేకు అతికించారు. వేడి కిరణాలను వెనక్కి పంపడంలో బంగారం చాలా మేలైనది, పైగా తుప్పు పట్టదు. వాడింది సుమారు 16 గ్రాములు. మన లెక్కలో రెండు కాసులు. ఇది దర్పం కోసం కాదు. అదే పని మరోలా చేస్తే ఇంకా బరువు పెరిగేది.

(ఈ) డ్రైవరు సీటు మధ్యలో పెట్టి, ఇద్దరు ప్రయాణికులను కాస్త వెనక అటూ ఇటూ కూర్చోబెట్టారు. మధ్యలో కూర్చుంటే ముందు చక్రాల గూళ్లు కాళ్లకు అడ్డం రావు, రెండు వైపులా సమానంగా కనిపిస్తుంది. కానీ ఎక్కడం దిగడం ఒక కసరత్తు.

(ఉ) పవర్ స్టీరింగ్ లేదు. బ్రేకు నొక్కడానికి సాయపడే సర్వో లేదు. చక్రం జామ్ కాకుండా కాపాడే ఏ.బి.ఎస్. లేదు. వీటితో బరువు తగ్గింది, రోడ్డు స్పర్శ చేతికి తెలుస్తుంది. కానీ తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే కాపాడేది డ్రైవరు నైపుణ్యం ఒక్కటే. ఈ రాజీలో భద్రత కొంత పోయింది.

(ఊ) రేసు కార్లలో ఉండే కార్బన్ బ్రేకులు బాగా వేడెక్కితేనే గట్టిగా పట్టుకుంటాయి. రోడ్డు మీద పొద్దున్నే వీధి చివర కుక్క అడ్డం వస్తే చల్లని బ్రేకుతోనే ఆగాలి కదా! అందుకే ఈ రోడ్డు కారుకు ఇనుప డిస్కులే పెట్టారు. బరువు ఎక్కువైనా సరే అనుకున్నారు.

(ఋ) సస్పెన్షన్ మెత్తగా ఉంటే గతుకులు తెలియవు, కానీ మలుపులో కారు ఊగుతుంది. గట్టిగా ఉంటే మలుపులో నిలుస్తుంది, నడుము విరుగుతుంది. ఎఫ్1లో సస్పెన్షన్‌ను ముందు వెనకల దిశలో కొంచెం మెత్తగానూ, పక్క దిశలో గట్టిగానూ ఉండేలా బిగించారు. గుంత తగిలితే చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది, మలుపులో మాత్రం పక్కకు కదలదు. మంచి ఇంజనీరు ఉన్న రెండిటి మధ్య సగం సగం పంచి ఊరుకోడు. సమస్యను విడదీసి దేనికి ఏది కావాలో దానికి అది ఇస్తాడు.

చివరికి కారు బరువు సుమారు 1,140 కిలోలు. కారుతో ఇచ్చే పానాలు కూడా టైటానియంతో చేశారంటే బరువు మీద ఎంత పట్టుబట్టారో చూడండి. 1998 మార్చిలో జర్మనీలోని ఎరా-లెస్సియన్ పరీక్షా మార్గంలో, ఇంజను తిరుగుడు పరిమితిని పెంచి, ఆండీ వాలెస్ ఈ కారును గంటకు 386 కి.మీ. వేగంతో నడిపాడు.

4. బుగాటి వేరాన్: ఏదీ వదులుకోను అంటే?

ఫోక్స్‌వ్యాగన్ సంస్థ 1998లో బుగాటి పేరును కొన్నది. అప్పటి ఆ సంస్థ అధిపతి ఫెర్డినాండ్ పియెచ్ స్వయంగా ఇంజనీరు. ఆయన పెట్టిన షరతులు ఇవి: సామర్థ్యం 1,000 హార్స్‌పవర్ దాటాలి, వేగం గంటకు 400 కి.మీ. దాటాలి, 100 కి.మీ. వేగం 3 సెకన్లలోపే రావాలి, అదే కారులో సాయంత్రం భార్యతో కలిసి సంగీత నాటకానికి హాయిగా వెళ్లగలగాలి.

చివరి షరతే అన్నిటికన్నా కష్టం. ఏ.సి. కావాలి, మెత్తని సీట్లు కావాలి, లోపల నిశ్శబ్దం కావాలి, ఊళ్లో మెల్లగా కూడా నడవాలి. మర్రే వదిలేసినవేవీ ఇక్కడ వదలడానికి లేదు. మరి ధర ఎక్కడ చెల్లించారు? బరువులో, సంక్లిష్టతలో.

8 లీటర్ల ఇంజను, 16 సిలిండర్లు, 4 టర్బోలు, 1,001 హార్స్‌పవర్. మామూలుగా అమర్చితే 16 సిలిండర్ల ఇంజను చాలా పొడుగవుతుంది. అందుకని సిలిండర్లను దగ్గర దగ్గరగా నాలుగు వరసల్లో, ఆంగ్ల అక్షరం డబ్ల్యు ఆకారంలో కుదించారు. పొడవు తగ్గింది, కానీ వేడంతా ఒకే చోట పోగయింది.

వేడి సంగతి చూడండి. పెట్రోలు ఇంజను ఒక వంతు పని చేస్తే దాదాపు రెండు వంతులు వేడిగా పోతుంది. 1,000 హార్స్‌పవర్ చక్రాలకు పంపే ఇంజను ఇంకో 2,000 హార్స్‌పవర్ అంత వేడిని బయటికి పంపాలి. దీనికోసం మొత్తం 10 రేడియేటర్లు పెట్టారు: ఇంజను నీటికి, టర్బోల గాలికి, ఇంజను ఆయిలుకు, గేరు ఆయిలుకు, ఏ.సి.కి ఇలా. ప్రతి రేడియేటరుకూ గాలి లోపలికి రావడానికి దారి కావాలి. ప్రతి దారీ గాలి నిరోధాన్ని పెంచుతుంది. నిరోధం పెరిగితే ఇంకా సామర్థ్యం కావాలి, అంటే ఇంకా వేడి. పాము తన తోకను తానే మింగుతున్నట్టు ఉంటుంది ఈ లెక్క.

అంత తిప్పుడు బలం వెనక చక్రాలకే ఇస్తే అవి అక్కడే జారుతూ తిరుగుతాయి. అందుకని నాలుగు చక్రాలకూ పంచారు. మళ్లీ బరువు. మొత్తం 1,888 కిలోలు అయింది.

ఇంకో చిక్కు ఉంది. వేగంగా పోయే కారును నేలకు నొక్కి ఉంచడానికి వెనక రెక్క కావాలి. విమానం రెక్క పైకి ఎత్తుతుంది, ఇది దానికి తలకిందులు. కానీ రెక్క నొక్కేకొద్దీ నిరోధమూ పెరుగుతుంది. రెక్క ఎత్తి ఉంచితే కారు స్థిరంగా ఉంటుంది కానీ 400 చేరదు. రెక్క దించితే 400 చేరుతుంది కానీ పట్టు తగ్గుతుంది. బుగాటి ఇంజనీర్లు దీనికి రెండు వేర్వేరు స్థితులు పెట్టారు. మామూలు స్థితిలో వేగం 375 దగ్గర ఆగిపోతుంది. అంతకు మించి పోవాలంటే కారు ఆపి, సీటు పక్కన రెండో తాళంచెవి పెట్టి తిప్పాలి. అప్పుడు కారు నేలకు ఆరేడు సెంటీమీటర్ల ఎత్తుకు దిగుతుంది, రెక్క దాదాపు చదునుగా వాలుతుంది. బ్రేకు మీద కాలు పడితే చాలు, మళ్లీ మామూలు స్థితికి వచ్చేస్తుంది.

గట్టిగా బ్రేకు వేసినప్పుడు అదే రెక్క అర సెకను కన్నా తక్కువలో నిటారుగా లేచి గాలికి అడ్డం నిలుస్తుంది. వేగంగా పోవడానికి శత్రువైన గాలిని ఆపడానికి మిత్రుడిగా వాడుకున్నారు.

2005లో అదే ఎరా-లెస్సియన్‌లో వేరాన్ గంటకు 408 కి.మీ. వేగం అందుకుంది. 2015 వరకు 450 కార్లు తయారయ్యాయి.

5. రెండిటినీ పక్కపక్కన పెడితే

బరువు: ఎఫ్1 – సుమారు 1,140 కిలోలు, వేరాన్ – 1,888 కిలోలు
సామర్థ్యం: ఎఫ్1 – 627, వేరాన్ – 1,001 హార్స్‌పవర్
టన్నుకు సామర్థ్యం: ఎఫ్1 – సుమారు 550, వేరాన్ – సుమారు 530
గరిష్ఠ వేగం: ఎఫ్1 – 386, వేరాన్ – 408 కి.మీ.

మూడో వరుస మళ్లీ చదవండి. 374 హార్స్‌పవర్ అదనంగా పెట్టినా టన్ను లెక్కన వేరాన్ కాస్త వెనకే ఉంది. అదనపు సామర్థ్యంలో చాలా భాగాన్ని అదనపు బరువే తినేసింది. అయితే గాలికి బరువుతో పని లేదు, ఆకారంతోనే పని. అందుకని గరిష్ఠ వేగంలో మాత్రం వేరాన్ ముందుకు వెళ్లింది. ఏ ప్రశ్న అడుగుతున్నామన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది.

మన ఘన సూత్రాన్ని ఇంకోసారి పరీక్షిద్దాం. 2010లో వేరాన్ సూపర్ స్పోర్ట్ అనే రకం గంటకు 431 కి.మీ. అందుకుంది. 431ని 408తో భాగించి ఘనం చేస్తే సుమారు 1.18. దాన్ని 1,001తో గుణిస్తే 1,180 హార్స్‌పవర్ కావాలి. ఆ కారు ఇంజను 1,200. మన నోటుబుక్కు లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో చూశారా! 2019లో బుగాటి శిరాన్ రకం కారు ఒకటి 490 కి.మీ. దాటింది. నడిపింది మళ్లీ ఆండీ వాలెస్సే. మన లెక్క ప్రకారం సుమారు 1,770 హార్స్‌పవర్ కావాలి. వాళ్లు 1,600తోనే సాధించారు. ఎందుకంటే కారు తోకను పొడిగించి గాలి నిరోధాన్ని తగ్గించారు. లెక్క తప్పలేదు, నిరోధ గుణకం మారింది.

6. చివరి హద్దు టైరు

ఇంత చేసినా వేగాన్ని చివరికి ఆపేది టైరు. గంటకు 400 కి.మీ. వేగంలో టైరు సెకనుకు దాదాపు 50 సార్లు తిరుగుతుంది. టైరు అంచున అభికేంద్ర త్వరణం, అంటే వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేది, గురుత్వ త్వరణానికి సుమారు 3,600 రెట్లు. టైరు గాడిలో ఇరుక్కున్న ఒక గ్రాము రాయిని పట్టి ఉంచడానికి మూడున్నర కిలోల బరువును మోసేంత బలం కావాలి. టైరు రబ్బరు, తీగలు అన్నీ ఈ బలాన్ని తట్టుకోవాలి.

రబ్బరు మెత్తగా ఉంటే రోడ్డును పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టిగా ఉంటే మన్నుతుంది, జారుతుంది. వేరాన్ టైర్లు గరిష్ఠ వేగంలో సుమారు 15 నిమిషాలే మన్నుతాయి. అదృష్టం ఏమిటంటే అదే వేగంలో 100 లీటర్ల పెట్రోలు ట్యాంకు సుమారు 12 నిమిషాల్లోనే ఖాళీ అయిపోతుంది! సూపర్ స్పోర్ట్ 431 పోయినా, కొన్నవాళ్లకు ఇచ్చిన కార్లను 415 దగ్గరే ఆగేలా చేశారు. కారణం టైర్ల భద్రతే. అంటే ఇంజను సిద్ధంగా ఉన్నా టైరు కాదంటే కారు ఆగవలసిందే. గొలుసు బలం దాని బలహీనమైన లంకెను బట్టి ఉంటుందని మనకు తెలిసిందే.

హద్దులు కాలంతో జరుగుతాయి కూడా. మర్రే 2020లో చూపించిన టి.50 అనే కారు 986 కిలోలే, కానీ ఈసారి అందులో ఏ.బి.ఎస్. ఉంది. బుగాటి 2024లో చూపించిన టూర్బియాన్ అనే కారులో టర్బోలు తీసేసి, 16 సిలిండర్ల ఇంజనుకు విద్యుత్ మోటార్లు తోడు చేశారు. కొత్త సాధనం వస్తే పాత రాజీ అవసరం తీరుతుంది, కొత్త రాజీ మొదలవుతుంది.

7. మన రోడ్డు మీద ఇదే లెక్క

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ని నేనే మొదటివాణ్ని. మెషిన్ డిజైన్ చదువుతున్నానంటే మా నాన్న "అయితే ట్రాక్టరు రిపేరు వచ్చినట్టేనా?" అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. చదివింది ఊళ్లో పనికి రావాలి కదా. కాబట్టి ఒక లెక్క మన ఊరి రోడ్డు మీద వేద్దాం.

గతిజ శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లు. ఇద్దరు కుర్రవాళ్లు రెండు బైకుల మీద పోతున్నారు. ఒకరు 40లో, ఇంకొకరు 80లో. 40 మీటర్ల దూరంలో రోడ్డు మీదికి గేదె వచ్చింది. చూసి బ్రేకు వేయడానికి ఇద్దరికీ ఒక సెకను పట్టిందనుకోండి. బ్రేకు వేస్తే సెకను సెకనుకూ వేగం సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకోండి.

40లో పోయేవాడు ఆ ఒక సెకనులో 11 మీటర్లు, బ్రేకు వేశాక ఇంకో 10 మీటర్లు పోతాడు. 21 మీటర్లకు ఆగిపోతాడు. గేదె ఇంకా 19 మీటర్ల దూరంలో ఉంది.

80లో పోయేవాడు బ్రేకు వేసేలోపే 22 మీటర్లు పోయాడు. మిగిలింది 18 మీటర్లు. అతనికి ఆగడానికి కావలసింది 41 మీటర్లు. లెక్క వేయండి, గేదెకు తగిలేటప్పుడు అతని వేగం ఇంకా గంటకు 60 కి.మీ. ఉంటుంది. సగం కూడా తగ్గలేదు. హెల్మెట్ లేకపోతే ఆ తర్వాత ఏమవుతుందో చెప్పనక్కర లేదు. మన హాస్టళ్ల నుంచి పండగలకు ఊళ్లకు పోయేవాళ్లు, డిగ్రీలో చేరి మొదటిసారి బైకు తోలేవాళ్లు ఈ లెక్కను ఒక్కసారి చేత్తో వేసి చూడాలని నా కోరిక.

8. పట్టిక ఎవరు రాశారు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మర్రే, పియెచ్ ఇద్దరూ పని మొదలుపెట్టకముందే కొన్ని షరతులు రాసుకున్నారు. వాటిని చివరిదాకా కదిలించలేదు. వాటి కోసం మిగతా గడుల్లో ఎన్నో సర్దుబాట్లు చేశారు. గమ్యం దగ్గర పట్టు, దారి దగ్గర సర్దుబాటు. సభలో పెద్దలు చెప్పే మాటకూ, క్లాసులో చెప్పే మాటకూ పొత్తు అక్కడ కుదురుతుంది.

మన చదువుకూ ఇలా ఒక పట్టిక రాసుకోవచ్చు. మొదటి గడిలో "చదువు మధ్యలో ఆపను" అని రాయండి. ఏ కాలేజీ, ఏ ఊరు, ఏ బ్రాంచి, కొత్త ఫోను, పార్ట్‌టైం పని ఇవన్నీ కింది గడులు. ఫీజు, హాస్టలు లెక్క చూసుకుని నేను కోరుకున్న ఆటోమొబైల్ కోర్సు వదిలి, స్కాలర్‌షిప్‌తో నడిచే చోట మెషిన్ డిజైన్‌లో చేరాను. కార్లు వదల్లేదు, ఇదిగో వాటి గురించే మీకు రాస్తున్నాను.

అయితే ఒక తేడా మరచిపోకూడదు. మర్రే తన పట్టిక తానే రాసుకున్నాడు. మనలాంటి ఇళ్లలో చాలాసార్లు పట్టిక ఇంకెవరో రాసి చేతికి ఇస్తారు. నలుగురు ఎక్కవలసిన ఆటోలో పది మంది బడిపిల్లలను ఎక్కిస్తే అది కూడా రాజీయే. కానీ డబ్బు మిగిలేది ఒకరికి, ప్రమాదం వచ్చేది ఇంకొకరికి. కార్లు కొన్న ధనవంతుడు ఏ.బి.ఎస్. లేదని తెలిసే కొన్నాడు. ఆటోలోని పిల్లను ఎవరూ అడగలేదు. తమ్ముడి కోసం అక్క చదువు ఆపించడం కూడా ఇలాంటిదే. అందుకని ఎవరైనా "ఇక్కడ రాజీ తప్పదు" అన్నప్పుడు రెండు ప్రశ్నలు వేయండి. ఏది పెరిగింది, ఏది తగ్గింది? పెరిగింది ఎవరికి, తగ్గింది ఎవరికి? ఇంజనీరింగ్ నేర్పే ప్రశ్నలే ఇవి. రేపు మీలో కొందరు ఇంజనీర్లు, ఆఫీసర్లు, టీచర్లు అయి పట్టికలు రాసే చోట కూర్చుంటారు. అప్పుడు కూడా ఇవే అడగండి.

అభ్యాసం

1. గంటకు 100 కి.మీ. వేగంలో గాలికి 12 హార్స్‌పవర్ కావాలంటే, 150 కి.మీ. వేగంలో సుమారు ఎంత కావాలి?
2. 1,888 కిలోల కారు సెకనుకు 111 మీటర్ల వేగంలో ఉంటే దాని గతిజ శక్తి ఎంత? అదే శక్తి గంటకు 100 కి.మీ. వేగంలో ఉన్నదానికి ఎన్ని రెట్లు?
3. పై బైకు లెక్కలో వేగం 60 అయితే గేదెకు ముందే ఆగగలడా?
4. మీ సైకిలులో కనీసం మూడు రాజీలు గుర్తించండి. ఒక్కోదానిలో ఏది పెరిగింది, ఏది తగ్గింది?

జవాబులు వేసి పెట్టుకోండి. సెలవుల్లో హాస్టలుకు వచ్చినప్పుడు కలిసి చూద్దాం. వచ్చే పబ్లిక్ పరీక్షల్లో పదో తరగతి తమ్ముళ్లందరికీ మంచి మార్కులు రావాలని కోరుకుంటూ, వార్షికోత్సవ శుభాకాంక్షలతో సెలవు.